పగుల్లో ఉప్పు

ఆ రాతి పలుకు మా దగ్గరికి వచ్చేటప్పటికి ఇంకా వానలు మొదలు కాలేదు. భాస్కర్ చెన్నై ఎయిర్‌పోర్టుకు వెళ్ళి, వేలెడంత స్టీలు గొట్టంలో ఉన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని కారులో తెచ్చాడు. సూళ్ళూరుపేట దగ్గర టీకి ఆపుతానని డ్రైవరు అంటే వద్దన్నాడట. నేను కాలేజీ మెట్ల మీద నిలబడి ఎదురు చూస్తున్నాను. కారు దిగి, గొట్టం నా రెండు చేతుల్లో పెట్టి, "మెల్లగా, భానూ" అన్నాడు. మాకు పెళ్ళయి చాలా ఏళ్ళే అయింది గానీ, ఆయన నాకు ఏదైనా అంత జాగ్రత్తగా అందించడం అదే మొదలు.

అది ఒక గ్రహశకలం మీది రాయి. అంతరిక్ష నౌక ఒకటి అక్కడిదాకా పోయి, దాని ఒంటి మీది నుంచి గుప్పెడు మట్టీ రాళ్ళూ తీసుకుని, ఏళ్ళ తర్వాత భూమికి తెచ్చింది. ఆ గుప్పెట్లోంచే దేశదేశాల ల్యాబులకు తలా ఒక పలుకు ఇస్తున్నారు. మాకు వచ్చింది నువ్వుగింజలో సగం ఉంటుందేమో. బొగ్గులాగా నలుపు. ఉల్కలంటే ఆకాశం నుంచి రాలి, గాలిలో కాలి, వానకు తడిసి, ఎవరి పొలంలోనో దొరికేవి. ఇది అలాంటిది కాదు. అక్కడ ఎట్లా ఉందో అట్లాగే, మన గాలి సోకకుండా మూతపడి వచ్చింది. దాని విలువంతా ఆ సోకకపోవడంలోనే ఉంది. ఆర్నెల్లు ఉంచుకుని, చూసి, ఏం చూశామో రాసి తిరిగి పంపాలి. మా తర్వాత అది ఇంకో ల్యాబుకు పోతుంది.

ఇలాంటి పని కోసమే మేము హైదరాబాదు వదిలిపెట్టి వచ్చాం. విడవలూరు దారిలో ఉన్న ఈ ప్రైవేటు కాలేజీ వాళ్ళు మంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఒకటి కొని, నడిపేవాళ్ళు లేక గుడ్డ కప్పి పెట్టారు. కరస్పాండెంట్ గారు భాస్కర్‌ను పిలిపించి, ల్యాబు మీది, ఇక మీ ఇష్టం అన్నారు. భాస్కర్ హెడ్డు. మైక్రోస్కోపు నాది. నెల్లూరు మూలాపేటలో అత్తమ్మ దగ్గరే ఉండేవాళ్ళం. ల్యాబులో ఆయన్ని పేరు పెట్టి నువ్వు అనేదాన్ని. ఇంట్లో అత్తమ్మ ముందర మాత్రం మీరు.

ల్యాబులో గాజు ముఖం ఉన్న పెద్ద పెట్టె ఉంది. లోపల గాలి బదులు నైట్రోజన్ నింపి ఉంటుంది. పెట్టెకే అతికించి ఉన్న రబ్బరు తొడుగుల్లోకి బయటి నుంచి చేతులు దూర్చి, లోపల పని చేసుకోవాలి. పలుకు ఉండేది అందులోనే. అక్కడి నుంచి గాలి దూరని చిన్న డబ్బాలో పెట్టి మైక్రోస్కోపుకు చేర్చేవాళ్ళం. ఈ పనిలో నాకు తోడు మా టెక్నీషియన్ అబిగయీలు. మాట తక్కువ, చెయ్యి నిదానం. మా ముగ్గురికి తప్ప ఆ పెట్టె దగ్గర ఇంకెవరికీ పని లేదు.

దసరా సెలవుల్లో కాలేజీ ఖాళీగా ఉన్నప్పుడు నాకు ఆ ఉప్పు కనిపించింది. అప్పటిదాకా చూసినవన్నీ ఉంటాయనుకున్నవే. బంకమట్టి పొరలు, గుత్తులు గుత్తులుగా ఇనుప గుండ్లు. ఆ రోజు పలుకు పక్కన ఒక పగులు కనపడితే, అందులోకి ఇంకా దగ్గరగా పోయి చూశాను. పగులు గోడకు ఆనుకుని చిన్న చిన్న చదరపు గడ్డలు ఉన్నాయి. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. అవి దేనితో అయినవో కొలిచి చూస్తే తెర మీద రెండు గీతలు లేచాయి. ఒకటి సోడియం, ఇంకోటి క్లోరిన్. మన వంటింట్లో ఉండే ఉప్పే.

ఉప్పు గడ్డకట్టిందంటే అక్కడ ఒకప్పుడు ఉప్పునీళ్ళు ఉండి, ఆరిపోయి ఉండాలి. భూమికి ఇంకా రూపం కూడా సరిగ్గా రాని రోజుల్లో, ఎక్కడో ఒక పెద్ద రాతి కడుపులో నీళ్ళు నిలిచి, ఎండిపోయాయన్నమాట. ఇంకోసారి కొలిచి చూశాను. తర్వాత భాస్కర్‌కు ఫోన్ చేశాను. ఆయన వచ్చి నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"మన ఉప్పు కాదు గదా?" అన్నాడు.

ఆ అనుమానం నాకూ వచ్చింది, పైకి అనలేదంతే. మా కాలేజీ నుంచి సముద్రం కనపడదు గానీ గాలిలో ఎప్పుడూ ఉంటుంది. కిటికీ ఊచలకు ఏటా రంగు వేసినా పొక్కులు లేస్తాయి. నా స్కూటీ సైలెన్సరు రెండేళ్ళకే తుప్పు తినేసింది. అలాంటి చోట కూర్చుని మేము ఆకాశం నుంచి వచ్చిన రాతిలో ఉప్పు కనిపెట్టామంటే, ఎవరైనా ముందు అడిగేది ఆ మాటే.

అందుకని ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి అనుకున్నాం. వారానికోసారి అదే పగులును, అదే కోణంలో ఫొటో తీయాలి. మా గది నుంచి ఉప్పు చేరుతుంటే గడ్డలు పెరుగుతాయి, కొత్తవి వస్తాయి. చేరకపోతే అట్లాగే ఉంటాయి. గూడూరు నుంచి తెప్పించిన అభ్రకం రేకు ఒకటి కూడా పలుకు పక్కనే పెట్టెలో ఉంచాను. పెట్టెలోకి గాలి దూరితే ఆ రేకు మీద కూడా ఉప్పు పడుతుంది. పెట్టె బాగున్నట్టా లేనట్టా అదే చెప్తుంది.

ఆ రోజు అన్నాల దగ్గర అత్తమ్మకు చెప్పాం. అత్తమ్మ పేరు వెంకటశేషమ్మ. అంతా విని, "అంత దూరం బొయ్యి తెచ్చింది ఉప్పా? ఇసకపల్లికి పోతే బస్తాలకి బస్తాలు ఉండాది గదమ్మా" అంది. భాస్కర్‌కు నవ్వుతో పొలమారింది.

వారం వారం ఫొటోలు తీశాను. అది చెప్పినంత తేలికగా జరగలేదు. కరెంటు పోయేది. జనరేటరు అందుకునే లోపల మైక్రోస్కోపు ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాల్సి వచ్చేది. నైట్రోజన్ సిలిండర్లు తెచ్చే మనిషి ఇదిగో వస్తున్నానంటూ రెండ్రోజులు తిప్పేవాడు. కాలేజీ బ్రోచర్‌లో వేసుకోవాలి, చీమ తలకాయ ఫొటో తీసిపెట్టండి మేడం అంటూ ఆఫీసు నుంచి కబురు వచ్చేది. విసుక్కుంటూనే అన్నీ చేశాను. ఎందుకంటే రెండో ఫొటో మొదటి ఫొటోలాగే ఉంది. మూడోది కూడా అంతే. నాలుగోది తీసి నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్క గడ్డ పెరగలేదు, ఒక్కటి తగ్గలేదు. అభ్రకం రేకు శుభ్రంగా ఉంది. అప్పుడు పేపరు రాయడం మొదలుపెట్టాను.

కరస్పాండెంట్ గారు చెడ్డమనిషేమీ కాదు. ఇంత ఖర్చు పెట్టి తెప్పించిన వస్తువును నలుగురూ చూడకపోతే ఎందుకు అనేది ఆయన బాధ. ఒకసారి మావాళ్ళకు చూపించండమ్మా అని నన్ను అడిగారు. కుదరదండీ, గాలి తగిలితే పాడైపోతుందని చెప్పాను. నవ్వి ఊరుకున్నారు. ఆ తర్వాత నన్ను అడగడం మానేసి భాస్కర్‌ను అడగడం మొదలుపెట్టారు. భాస్కర్ ప్రతిసారీ, చూద్దాం సార్ అనేవాడు. కుదరదని చెప్పొచ్చు కదా అంటే, చూద్దాం అంటే కుదరదనే అర్థం అన్నాడు నాతో.

కార్తీకమాసం మధ్యలో తుఫాను వచ్చింది. అత్తమ్మకు బీపీ ఎక్కువై కళ్ళు తిరుగుతుంటే నేను ఇంట్లోనే ఉండిపోయాను. భాస్కర్ గాలి ముదరక ముందే కాలేజీకి వెళ్ళాడు. మూలాపేటలో మా వీధి చెరువైంది. విడవలూరు రోడ్డు మీద నీళ్ళు పారి బస్సులు ఆగిపోయాయి. సముద్రం ఒడ్డు పల్లెల జనాన్ని తీసుకొచ్చి మా కాలేజీలోనే పెట్టారు. ఫోను దొరికినప్పుడల్లా భాస్కర్ చెప్పే మాట ఒకటే, పెట్టె బాగుంది, జనరేటరు నడుస్తోంది, నువ్వు అమ్మను చూసుకో అని. ల్యాబులోనే బల్ల మీద పడుకుని, డీజిలు తనే మోసుకొచ్చి పోస్తున్నాడని అబిగయీలు చెప్పింది. రోడ్డు తెరిచాక మాసిన గడ్డంతో, డీజిలు వాసనతో ఇంటికొచ్చాడు. నేను వేన్నీళ్ళు పెట్టి ఇచ్చాను. ఈ మనిషి లేకపోతే పలుకు దక్కేది కాదని ఆ రోజు మనస్ఫూర్తిగా అనుకున్నాను.

తర్వాతి సోమవారం ఐదో ఫొటో తీశాను.

పగులు అంచున తెల్లగా వెంట్రుకల్లాంటివి మొలిచి ఉన్నాయి. లోపల పాత గడ్డల పక్కన కొత్త గడ్డలు. కొన్ని చోట్ల పాతదేదో కొత్తదేదో కలిసిపోయి తెలియడం లేదు. వెంట్రుకలు కూడా ఉప్పే. కరెంటు ఊగిసలాటలో పెట్టె సీలు పోయిందేమోనని ముందు పెట్టె మీదే అనుమానపడ్డాను. మీటర్లన్నీ చూశాను. ఏ తేడా లేదు. అప్పుడు అభ్రకం రేకు తీసి మైక్రోస్కోపులో పెట్టాను. అద్దంలాగా శుభ్రంగా ఉంది. ఒక్క ఉప్పు రేణువు లేదు.

పెట్టెలోకి గాలి దూరి ఉంటే రేకు మీద కూడా పడాలి. పడలేదంటే గాలి పెట్టెలోకి రాలేదు. పలుకే గాలిలోకి పోయింది.

అబిగయీలు నా పక్కనే నిలబడి తెర వైపు చూస్తోంది. తుఫానప్పుడు ఇక్కడికి ఎవరొచ్చారని అడిగాను. ఆమె తొడుగులు సర్దుతున్నట్టు అటు తిరిగింది.

"సార్‌నే అడగండి మేడం" అంది.

ఇంటికి వచ్చేదాకా అడగలేదు. ఆయన అన్నం తింటున్నాడు. అత్తమ్మ పక్క గదిలో టీవీ చూస్తోంది. రసం గిన్నె ఆయన ముందు పెట్టి, మామూలుగానే అడిగాను.

"పలుకును పెట్టెలోంచి బయటికి తీసినారా?"

ఆయన అన్నం కలుపుకుంటూనే, "తీసినాను" అన్నాడు.

మిగతాది ఒక్కొక్క మాటగా చెప్పాడు. పునరావాస కేంద్రం చూడటానికి పెద్ద పెద్ద అధికారులు వచ్చారట. కరస్పాండెంట్ గారు వాళ్ళను పైకి తీసుకొచ్చి మన నక్షత్ర రాయి చూడండి అన్నారట. గాజులోంచి చూస్తే నల్ల చుక్క తప్ప ఏమీ కనపడదు కదా. హాల్లో మామూలు మైక్రోస్కోపు ఉంది, దాన్ని పెద్ద తెరకు కలిపి ఒక్కసారి చూపించండి సార్ అన్నారట. వాన వెలిసింది, ఏసీలు లేవు, కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. చూపించి, ఫొటోలు దిగాక మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

"కాదంటే జనరేటరును కింద క్యాంపుకు మార్చేవాళ్ళు, భానూ. అప్పుడు పెట్టే ఆగిపోయేది."

అది నిజమేనేమో. నిజంగా అట్లా బెదిరించారో, ఈయనే అట్లా అనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"నాకు ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు గదా?"

"చేస్తే ఏమనేదానివి?"

"వద్దనేదాన్ని."

"అందుకే చెయ్యలేదు" అన్నాడు.

రసం గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకే కారులో పోయేవాళ్ళం, ఒకే గదిలో కూర్చునేవాళ్ళం. పని మాటలు తప్ప ఇంకేమీ లేవు. మొదటి నాలుగు ఫొటోలతో పేపరు పంపేద్దాం అన్నాడు భాస్కర్. గాలి సోకక ముందే ఉప్పు ఉంది, అది నిజమే కదా, అందులో అబద్ధం ఏముంది అన్నాడు. ఆయన చెప్పింది తప్పని కూడా అనలేను. పాత గడ్డలు పాతవే. కానీ పలుకును తిరిగి పంపేటప్పుడు, దీనికి ఎక్కడా గాలి సోకలేదని కాగితం మీద రాసివ్వాలి. రాసివ్వకపోతే మాకు ఇంకెప్పుడూ ఇవ్వరు. మాకే కాదు, ఈ తీరంలో ఎవరడిగినా ఇవ్వరు అన్నాడు.

"నాలుగు ఫొటోలు ఉండాయి. ఐదోది మనం తియ్యలేదనుకో."

"మన తర్వాత ఈ పలుకును ఇంకొకళ్ళు చూస్తారు. ఆ వెంట్రుకలు చూసి, అవి కూడా అక్కడివే అనుకుంటారు. అప్పుడు వాళ్ళకు ఎవరు చెప్తారు?"

నాకు కోపం వచ్చింది ఆయన మీద మాత్రమే కాదు. కొత్త ఉప్పు మా సముద్రానిదా, లేక పలుకులోని పాత ఉప్పే తేమకు కరిగి మళ్ళీ గడ్డకట్టిందా అన్నది కూడా తేల్చుకోలేకపోయాను. ఎన్ని రకాలుగా కొలిచినా రెండు గీతలే లేచేవి. సోడియం, క్లోరిన్. అక్కడి ఉప్పయినా ఇక్కడి ఉప్పయినా గీతలు అవే. అన్ని వారాలు ఓపికపట్టి ఒక సంగతి రుజువు చేసుకుంటూ వస్తే, దాన్ని రుజువు చేసే దారే మూసుకుపోయింది. దీనికంటే తుఫానులో పెట్టె బద్దలైపోయి ఉంటే బాగుండేదని కూడా ఒకరోజు అనిపించింది.

మా సంగతి అత్తమ్మకు అర్థమైనంత అర్థమైంది. ఒక పొద్దున గోంగూర వలుస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"వాళ్ళ నాయన కూడా ఇట్టనే. బయటోళ్ళకి కాదని చెప్పలేక, ఇంట్లో వాళ్ళకి కాదనేవోడు."

నివేదిక నేనే రాశాను. ఐదు ఫొటోలూ పెట్టాను. ఏ రోజు బయటికి తీసిందీ, ఎక్కడ పెట్టిందీ, కిటికీలు తెరిచి ఉన్న సంగతీ, అభ్రకం రేకు సంగతీ అన్నీ రాశాను. సందర్శకుల కోసం విజయభాస్కర్ బయటికి తీశారని ఆయన పూర్తి పేరుతో రాసిన చోట, ఆయన దిద్ది, పలుకు బయటికి తీయబడింది అని మార్చాడు. ఎవరు తీశారో లేకుండా పోయింది. మార్చుకోనిచ్చాను. ఒప్పందం ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయన మెయిల్ నుంచే పోవాలి. సంతకం పెట్టి ఆయనే పంపాడు. పంపాక లేచి వెళ్ళి ల్యాబు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

వాళ్ళ జవాబు మర్యాదగానే వచ్చింది. తెలియజేసినందుకు ధన్యవాదాలు, పలుకును వెంటనే పంపండి, ఇంకో పలుకు కోసం మీరు పెట్టుకున్న రెండో దరఖాస్తును ప్రస్తుతం పరిశీలించలేము. ఒక ప్రతి కాలేజీకి కూడా పోయింది. కరస్పాండెంట్ గారు మమ్మల్ని పిలిచి, ఇంట్లో విషయం ఊరికి చెప్పుకున్నట్టుందని బాధపడ్డారు. సంక్రాంతికి ముందే ల్యాబుకు కొత్త హెడ్డు వచ్చాడు. భాస్కర్‌ను ఫస్టియర్ కెమిస్ట్రీకి వేశారు. నాకు మైక్రోస్కోపు ఉంచారు గానీ, పని మారింది. రొయ్యల చెరువుల వాళ్ళు పంపే పెంకుల మీద మచ్చలు చూసి చెప్పడం. పేపరు పంపితే పరిశీలించినవాళ్ళు, ఈ ఉప్పు మొదటి ఫొటోకు ముందే మీ ల్యాబులో చేరి ఉండదని చెప్పలేము, తర్వాత ఒకసారి చేరిందని మీరే ఒప్పుకున్నారు కదా అని తిప్పి పంపారు. వాళ్ళ చోట నేనున్నా అదే రాసేదాన్ని.

భాస్కర్ సాయంత్రం నాలుగుకల్లా ఇంటికి వచ్చేసేవాడు. నేను వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయ్యేది. ఇద్దరం ఒకే వయసులో, ఒకే బల్ల దగ్గర మొదలుపెట్టినవాళ్ళం. ఇప్పుడు ఈ రోజు ల్యాబులో ఏం జరిగిందని ఆయన అడగడు, క్లాసులో ఏం చెప్పారని నేను అడగను.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం, నేను మామిడికాయలు తుడుస్తుంటే, ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టాడు. ఒక విదేశీ బృందం అదే గ్రహశకలం నుంచి వచ్చిన ఇంకో పలుకును చూసి రాసిన పేపరు. పగులు, పగులు గోడకు ఆనుకుని చదరపు గడ్డలు. అవే గడ్డలు. అక్కడ ఒకప్పుడు ఉప్పునీళ్ళు ఉండేవని వాళ్ళు తేల్చారు. చేతులు తుడుచుకుని మొత్తం చదివాను. ఇది భూమి మీది ఉప్పు కాదని ఎట్లా రుజువు చేశారా అని చూశాను. గాలి సోకిన పలుకులో ఉప్పు ఎట్లా మొలుస్తుందో, ఎక్కడ వెంట్రుకలు వస్తాయో, ఎక్కడ గడ్డలు కలిసిపోతాయో ముందు చూపించారు. తమ పలుకులో అవేవీ లేవని తర్వాత చూపించారు. గాలి సోకిన పలుకంటే మాది. పక్కన వేసిన ఫొటో నేను తీసిన ఐదోది.

చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యం ఉంది. పొరపాటును దాచకుండా తెలియజేసి, పోల్చి చూసుకునే వీలు కల్పించిన డాక్టర్ విజయభాస్కర్‌కు ధన్యవాదాలు.

"నీ పేరు లేదు" అన్నాడు భాస్కర్.

"చూశాను."

చూపించకుండా ఉంటే నాకు తెలిసేది కాదు. రొయ్య పెంకులు చూసుకునే మనిషిని, ఆ పత్రికలు తెరిచి నెలలైంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా తెచ్చి పెట్టాడు. అందుకు మనసు మెత్తబడాలేమో. మెత్తబడలేదు.

"నేను వాళ్ళకు రాస్తాను, పేరు చేర్చమని" అన్నాడు, అడుగుతున్నట్టుగా.

అత్తమ్మ కత్తిపీట దగ్గర నుంచి, పోనీలేమ్మా, ఎవరి పేరుంటే ఏంది, ఇద్దరూ ఒకటే గదా అంది. ఆమె మంచికే అంది. భాస్కర్ నా ముఖం వైపు చూస్తున్నాడు. పోనీలెండి అంటే ఆ మధ్యాహ్నం ముగ్గురికీ తేలికగా గడిచిపోయి ఉండేది.

"రాయండి. ఇప్పుడే రాయండి" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను మామిడికాయలు వదిలేసి ఆయన వెనక నిలబడ్డాను. మీ పేపరులో చిన్న సవరణ అవసరం అని మొదలుపెట్టాడు.

"చిన్న అనే మాట తీసేయండి" అన్నాను.

తీసేశాడు. ఫొటోలన్నీ తీసిందీ, నివేదిక రాసిందీ ఎవరో నా పూర్తి పేరుతో రాశాడు. ఒకసారి చదివి వినిపించాడు. నేను సరేనన్నాక పంపాడు.